ఆరు ఒకట్లు

ముందుచలి నెల, 14

ఉదయం ఎర్రమంచు, పొడిగా. మధ్యాహ్నం నుంచి పడమటి గాలి. తూర్పు వరస గొట్టాలకు పీచు చుట్టడం పూర్తి చేశాను. మూడో కీలు దగ్గర ఆవిరి కారుతోంది. నారా మైనమూ పెట్టి బిగించాను. ఆగింది.

సాయంత్రం సభలో, ఆవిరి తలుపు తెరవడానికి ఇవ్వాల్సిన ఈ ఏటి సంఖ్య చదివాను. ఇరవై ఒక్క అంకెలు. మెట్ట పెద్ద దండపాణి గారు రెండుసార్లు చదివించుకున్నారు. దాన్ని సరిచూసే ఏడు సాక్షి ఇళ్ళవాళ్ళూ పలకల మీద ఎక్కించుకున్నారు. "బాగుంది గంగులూ, నోటికి పట్టేలా ఉంది" అన్నారు దండపాణి గారు. నాకు సంతోషం కలిగింది. ఇలాంటివి ఇందులో రాయను. ఇవాళ రాశాను.

ఇంకొకటి కూడా రాయాలి. సంఖ్య పెట్టేవాడు ఎండకాలంలోనే రెండు అనే అంకె పెట్టి లెక్క చివరిదాకా చేసి, పగలకుండా నిలిచిందని తేలాకే సభకు తేవాలి. ఈ ఎండకాలం మూడు సంఖ్యలు చేశాను. మూడూ పగిలాయి. ఇది నాలుగోది. డెబ్బై మెట్లలో నలభయ్యో మెట్టు దాకా వచ్చాను, ఈలోగా మంచు ముందే పడింది. మాదీ సాక్షి ఇల్లే కనుక సాక్షి రోజులోపు మిగతాది పూర్తి చేస్తాను. అందుకని సభలో చెప్పలేదు.

ముందుచలి నెల, 17

గాలి తగ్గింది. పంట కొట్టాల్లో చిక్కుడు పాదులకు గొట్టం దగ్గరగా జరిపాను. పోయినేటి ఆవిరి సన్నగా వస్తోంది. తలుపు తెరుచుకునేదాకా దీంతోనే సరిపెట్టాలి.

అప్పలకొండ వచ్చాడు. నాన్న పోయాక సాక్షి ఇల్లు ఈ ఏడే అతని చేతికి వచ్చింది. పలక ముందు పెట్టుకుని బుర్ర గోక్కున్నాడు.

"ఇంకొక్కసారి చెప్పు బాబాయ్. మా నాన్న చెబుతుంటే నిద్రొచ్చేది."

చెప్పాను. నీకు నచ్చిన అంకె ఒకటి తీసుకోవాలి. దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని మన పెద్ద సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. ఆ శేషాన్ని మళ్ళీ దానితోనే గుణించి భాగించాలి. కొన్ని మెట్ల దగ్గర మొదటి అంకెతో ఇంకోసారి గుణించాలి, ఏ మెట్లో నేను రాసిచ్చాను. మెట్లన్నీ అయ్యాక ఒకటి మిగిలితే సంఖ్య నిలిచినట్టు. వేరే ఏది మిగిలినా పగిలినట్టు. పాత పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అంటారు, మేం నిలిచే సంఖ్య అంటాం.

"చిన్నది తీసుకో," అన్నాను. "మూడువందల నలభై ఒకటి. ఇది నిలుస్తుందా?"

కాసేపు గొణుక్కుని, "నిలవదు. పదకొండు ముప్ఫై ఒకట్లు" అన్నాడు.

"రెండు పెట్టి చేసి చూడు."

రెండును పదిసార్లు గుణిస్తే వెయ్యిన్ని ఇరవై నాలుగు. అందులో మూడు మూడువందల నలభై ఒకట్లు పోగా ఒకటి మిగిలింది. ఆ ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే.

"అదేంటి! పగిలేదానికి ఒకటొచ్చింది!"

"ఇప్పుడు మూడు పెట్టు."

చాలాసేపు చేశాడు. చివరికి యాభై ఆరు మిగిలింది.

"అందుకే ఏడు ఇళ్ళు," అన్నాను. "రెండుకు చిక్కనిది మూడుకు చిక్కింది. ఆరుగురు నిలిచిందన్నా ఒక్కరు పగిలిందంటే పగిలినట్టే. అప్పుడు ఆరుగురు అబద్ధం చెప్పారని కాదు, వాళ్ళ అంకెలకు చిక్కలేదంతే."

"మరి ఏయే ముక్కలో తెలియకుండా పగిలిందని ఎట్టా అంటాం బాబాయ్?"

"ఒత్తిడి పడిపోతే గొట్టంలో చిల్లుందని నాకు తెలుస్తుంది. చిల్లు ఎక్కడుందో తరవాత సంగతి. ఇదీ అంతే."

వెళ్ళబోతూ నవ్వాడు. "ఎంత చాకిరీ చేసినా చివరికి రావలసింది ఒకటేగా. ముందే రాసేసుకుంటే చేతులు నొప్పెట్టవు!"

నేనూ నవ్వాను.

ముందుచలి నెల, 23

తెల్లవారుజామున పెద్ద చలి. ఉత్తరపు గొట్టం కీలు విడిపోయింది. ఒత్తిడి కొలతలు వెంటవెంటనే రాసుకుని లెక్క కట్టకపోతే వరస మొత్తం చల్లబడేది. ఇంట్లో ఉన్న పలక తుడిచి వాడాను. మధ్యాహ్నానికి కీలు సరిచేశాను.

ఆ పలక మీదే నలభయ్యో మెట్టు శేషం ఉంది. చూసుకోలేదని రాయబోయాను. చూశాను. రెండో పలక అటక మీద ఉంది. ఎక్కి తీసుకోవాల్సింది.

మళ్ళీ మొదటినుంచి చేయాలి.

ముందుచలి నెల, 29

మబ్బు. గొట్టాల పని లేదు. జొన్నలు చెరగడంలో మా ఆవిడ రత్తాలుకు సాయం చేశాను.

పలక ఎదురుగా పెట్టుకుని కూచున్నాను. వేళ్ళు వంగలేదు. రత్తాలు గంజి తెచ్చి పక్కన పెట్టింది.

"అయిందా?"

"లేదు."

"నువ్వు పెట్టిన సంఖ్యకి నువ్వే సాక్ష్యం చెప్పడమేంటో. మిగిలిన ఆరు కొంపలవాళ్ళూ ఉన్నారుగా, పగిలేదైతే వాళ్ళకి తెలీదా?"

ఆ మాట నాకు హాయిగా తోచింది. పలక పక్కన పెట్టి గంజి తాగాను.

నడిచలి నెల, 8

సాక్షి రోజు. ఉదయం మంచు కురిసింది. సభ ముందు దారి చిమ్మాను.

మా ఆచారంలో పలకలు చూపించుకోవడం లేదు. పలకలు తక్కువ, ఒక మెట్టు రాయాలంటే ముందటి మెట్టు తుడవాలి. అందుకని చివరి శేషం మాత్రం నోటితో చెబుతారు. మొదట చెప్పేది సంఖ్య పెట్టిన ఇల్లు.

"రెండు పెట్టాను. ఒకటి," అన్నాను.

తరవాతి ఇల్లు ఒకటి అంది. అప్పలకొండ నావైపు చూసి, "ఐదు పెట్టాను. ఒకటి" అన్నాడు. ఇంకా మూడు ఇళ్ళు ఒకటి అన్నాయి. చివరిది నాంచారమ్మ ఇల్లు. ఆమె భర్త కోటిలింగం ఊపిరితిత్తుల జబ్బు మనిషి, లెక్క ఎప్పుడూ ఆమే చేస్తుంది. లేచి, కొంగు సర్దుకుని, పలక చూసుకుంటూ ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టింది. నాలుగో అంకె దగ్గర సభలో దగ్గులు ఆగిపోయాయి. ఆమె ఇరవై అంకెలూ చదివింది.

"ఏడు పెట్టానండీ. ఇది మిగిలింది."

"అంటే?" అన్నారు దండపాణి గారు.

"పగిలిందండీ."

"ఆరిళ్ళవాళ్ళు ఒకటన్నారు నాంచారమ్మా."

"విన్నానండీ."

"పగిలితే ముక్కలేంటి? చెప్పు, రాసుకుంటాం."

"అది నాకు తెలీదండీ. పగిలిందని మాత్రం తెలుసు."

వెనకనుంచి ఎవరో, "కుండ పగిలిందంట, పెంకులు మాత్రం కనపడవంట!" అన్నారు. నవ్వులు లేచాయి. నాంచారమ్మ నవ్విన వాళ్ళవైపు చూడలేదు. నావైపు చూసింది. దండపాణి గారు కూడా నావైపు తిరిగారు.

"నువ్వు చెప్పు గంగులూ. నీ మాట మీద ఉంటాం."

ఏం చెప్పాలో నాకు తెలుసు. మూడు వారాల కిందట అప్పలకొండకు చెప్పిందే. ఒక్కరు పగిలిందంటే పగిలినట్టే, ముక్కలు అక్కర్లేదు. ఆ మాట అంటే తరవాతి మాట, 'అయితే మళ్ళీ అందరి లెక్కలూ చూద్దాం, ముందు నీది' అని వస్తుంది.

"ఎక్కడో అంకె జారి ఉంటుందండీ," అన్నాను. "చలికి చేతులు తిమ్మిరెక్కుతాయి."

దండపాణి గారు ఊపిరి వదిలారు. తప్పు శేషం తెచ్చిన ఇంటికి ఆ ఏడు సాక్షి హక్కు ఉండదు. సాక్షి హక్కు లేని ఇళ్ళు గొట్టం చివరికి వెళతాయి. నాంచారమ్మను పలక తుడవమన్నారు. అది కూడా ఆచారమే. ఆమె పమిట చెంగు తడిపి, పైనుంచి కిందకి, మూలలు కూడా వదలకుండా తుడిచి నా చేతికి ఇచ్చింది.

ఇవాళ రాత్రి అన్నం తినలేదు. రత్తాలు అడగలేదు.

నడిచలి నెల, 9

గట్టి గాలి. నాంచారమ్మ ఇంటి గొట్టాన్ని మొదటి వరస నుంచి తీసి చివరి వరసకు కలిపాను. ఈ పని నాదే, ఇంకెవరికీ రాదు.

కోటిలింగం మంచం మీదనుంచి చూస్తున్నాడు. "చివరి వరసలో ఆవిరి రాదంటగా గంగులూ. పోన్లే, వేడి చేస్తే నాకు దగ్గెక్కువ" అన్నాడు. అని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

నాంచారమ్మ గుమ్మం దాకా వచ్చింది. "రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అదే వచ్చింది. అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి కూడా సరిచూసుకున్నాను" అంది. మళ్ళీ, "అయినా నువ్వన్నావంటే తప్పే అయ్యుంటుంది" అంది.

కీలు బిగించి వచ్చేశాను.

నడిచలి నెల, 11

మంచు లేదు. గొట్టాలు చూశాను, మార్పు లేదు.

అటక మీది పలక దించాను. రెండు పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాను. తలుపుకు సంఖ్య ఇచ్చేది వచ్చే నెల ఒకటో తేదీన. తలుపు ఆ రోజునుంచి నలభై రోజులు సంఖ్య అడుగుతుంది. ఒక్కసారే ఇవ్వాలి. పగిలే సంఖ్య ఇస్తే ఆ చలికాలమంతా తెరుచుకోదు. మా అమ్మ చిన్నప్పుడు ఒకసారి అలా ఇచ్చారు. ఆ ఏడు పుట్టినవాళ్ళు మెట్టలో ఒక్కరూ లేరు.

నిలుస్తుందనే అనుకుంటున్నాను. నిలిస్తే నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. ఆ ఆశతోనే చేస్తున్నాను.

నడిచలి నెల, 19

పడమటి గాలి. కొట్టాల్లో గోంగూర సగం మాడిపోయింది. ముప్ఫై నాలుగో మెట్టు. రత్తాలు దీపం దగ్గరగా జరిపి, "ఇప్పుడెందుకు? అయిపోయిందిగా" అంది. కొంచెంసేపు నా మొహం చూసి, బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

నడిచలి నెల, 27

చలి ఎక్కువ. కొలతలు తీశాను.

ఇవాళ పూర్తయింది. ఒకటి రాలేదు. చివరి ఐదు మెట్లు మళ్ళీ చేశాను. తొమ్మిదులు తీసి ప్రతి మెట్టూ సరిచూశాను. ఒకటి రాలేదు.

నాంచారమ్మ చెప్పింది నిజం.

ఆ తరవాత ఇంకో సంగతి తోచింది. ఇలాంటి సంఖ్యల గురించి మా నాన్న చెప్పిన మాట ఒకటుంది. తనతో ఉమ్మడి ముక్క ఏదీ లేని ఒక్క అంకె చేతికి పగిలిన సంఖ్యను, మిగిలిన అంకెల్లో కనీసం సగం పగలగొట్టి తీరాలి. ఇది నా అంకె రెండుకూ, ఆమె అంకె ఏడుకూ పగిలింది. మరి తక్కిన ఐదు ఇళ్ళూ వరసగా ఒకటి ఎలా చెప్పాయి? అలా జరగకూడదని లేదు. కానీ నేను కూడా ఒకటే చెప్పాను కదా, అది ఎలా వచ్చిందో నాకు తెలుసు.

ఒకటి ఎంత తేలికైన శేషమో ఇంతకాలం ఆలోచించలేదు. కష్టపడి చేసినవాడికీ ఒకటే, పలక ముట్టనివాడికీ ఒకటే. ఇరవై అంకెల శేషం మాత్రం కూచుని చేసినవాళ్ళకు తప్ప రాదు.

నడిచలి నెల, 28

మబ్బు. ఉత్తరపు కీలు మళ్ళీ చూశాను, బాగుంది.

అప్పలకొండ ఇంటికి వెళ్ళాను. మేకకు నీళ్ళు పెడుతున్నాడు.

"ఐదు పెట్టి నిజంగా చేశావా?"

కుండ కింద పెట్టాడు. "ఏంటి బాబాయ్ అట్టా అడుగుతున్నావు?"

"చేశావా?"

"పన్నెండు మెట్లు చేశాను. తరవాత మేక ఈనింది." గొంతు తగ్గించాడు. "నువ్వు పెట్టిన సంఖ్య. ఎండాకాలమంతా నువ్వు చేసి నిలిచిందన్నాకేగా సభకు తెచ్చావు. మళ్ళీ నేనేం చేసేది? నీమీద అనుమానం ఉన్నట్టు ఉండదూ?"

"నేను చేయలేదు."

నమ్మలేదు. నవ్వబోయి ఆగిపోయాడు. "సాక్షి రోజున కూడానా?"

"సాక్షి రోజున కూడా."

గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఓరి దేవుడా. మీరంతా చేసుంటారులే అని నేను... పాపం ఆవిడ పలక తుడుస్తుంటే నేను నవ్వాను బాబాయ్."

అక్కడినుంచి దండపాణి గారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. నిలబెట్టే విన్నారు. మొదట మొహం ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. ఇంకో మూడు రోజుల్లో ఆయన చేత్తోనే ఆ సంఖ్య తలుపు చక్రాల మీద తిప్పేవారు.

"బతికించావు," అన్నారు. తరవాత కూచోమన్నారు. "ఇప్పుడు ఇది ఎట్టా చెప్పాలో చూద్దాం. నువ్వు సభకు చదివేటప్పుడు ఒక అంకె తారుమారైందందాం. కొత్త సంఖ్య పెడదాం. ఒక నెల చలిలో ఉంటాం, ఉండాలి మరి. ఆరిళ్ళ పరువు బజారున పెట్టి ఏం సాధిస్తాం? రేప్పొద్దున ఎవడి శేషం ఎవడు నమ్ముతాడు?"

"నాంచారమ్మ?"

"వసంతంలో హక్కు తిరిగి ఇచ్చేద్దాం, మంచిమాటగా. ఇప్పుడే ఇస్తే అందరూ ఎందుకని అడుగుతారు."

ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉందనిపించింది. సరే అన్నాను.

ఇంటికొచ్చి రత్తాలుకు చెప్పాను. అంతా విని, "మీ పరువులన్నీ మొదటి వరసలో వెచ్చగా ఉంటాయన్నమాట" అని, అటు తిరిగి పడుకుంది.

నడిచలి నెల, 29

ఎర్రమంచు, మోకాలి లోతు. చివరి వరస గొట్టం గడ్డకట్టి ఉంటుందని చూడటానికి వెళ్ళాను.

నాంచారమ్మ ఇంట్లో గొట్టం ముట్టుకుంటే చల్లగా ఉంది. కోటిలింగానికి ఉన్న దుప్పట్లన్నీ కప్పింది, పైన గోనె పట్టా కూడా. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి చెయ్యెత్తాడు, మాట్లాడలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

ఆమె పొయ్యి పక్కన నేల మీద కూచుని ఉంది. ముందు అరువు తెచ్చుకున్న పలక. పలక నిండా అంకెలు.

"ఏం చేస్తున్నావు వదినా?"

"అదే. ఏడు పెట్టి మళ్ళీ చేస్తున్నాను." తల ఎత్తలేదు. "ఎక్కడ జారిందో దొరకట్లేదు గంగులూ. యాభై మెట్లయ్యాయి, నాకు గుర్తున్నంతలో మొన్నటివే వస్తున్నాయి. పెద్దదాన్నయ్యాను, ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తున్నానేమో. నువ్వొకసారి చూడు. నీ కళ్ళకి దొరుకుతుంది."

పలక నావైపు తిప్పింది. వేళ్ళ కొసలు పగిలి సుద్ద మీద ఎర్రగా అంటింది.

చూశాను. ఎక్కడా తప్పు లేదు. లేదని తెలిసే చూశాను.

"తరవాత చూస్తాను" అని వచ్చేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

నడిచలి నెల, 30

గాలి లేదు. సభ గది పొయ్యి రాజేశాను.

దండపాణి గారు లేచి, సంఖ్య చదవడంలో ఒక అంకె తారుమారైందని, కొత్తది పెట్టాలని చెప్పారు. ఇంకో నెల చలి అనేసరికి గోల లేచింది. ఆయన చెయ్యెత్తి, "గంగులు కూడా మనిషేగా" అన్నారు.

నేను లేచాను. నేను సభలో అడగకుండా మాట్లాడిన మనిషిని కాదు.

"అంకె తారుమారు కాలేదండీ. సంఖ్యే పగిలేది. ఎండకాలంలో నేను పూర్తిచేయలేదు. సాక్షి రోజున నా పలక ఖాళీ. ఒకటని అబద్ధం చెప్పాను. నాంచారమ్మ లెక్కలో తప్పు లేదు. ఆ సంగతి నాకు మూడు రోజులుగా తెలుసు."

కూచోవాలో నిలబడాలో తెలియలేదు. దండపాణి గారు కళ్ళు మూసుకున్నారు. అప్పలకొండ లేచాడు. "మా పలక కూడా ఖాళీయేనండీ. పన్నెండు మెట్లు తప్ప." కాసేపటికి ఇంకో ఇంటి ఆడమనిషి లేచి, మాదీ అంతేనన్నట్టు తలూపింది. తక్కిన మూడు ఇళ్ళవాళ్ళు నేల చూస్తూ ఉండిపోయారు. వాళ్ళను నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.

వెనక కూచున్న పెద్దావిడ ఒకరు, "మా పిల్లలు చచ్చిపోయేవాళ్ళు కదరా" అంది. తిట్టలేదు. మామూలుగా అంది.

నాంచారమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. సాక్షి హక్కు లేనివాళ్ళు అక్కడే నిలబడాలి. నేను ఆమె దగ్గరకు వెళ్ళి తప్పయిందన్నాను.

"అబద్ధం అందరూ ఆడతారు గంగులూ," అంది. గొంతు చిన్నగానే ఉంది కానీ గదంతా వినిపించింది. "నా లెక్క తప్పని నా చేతే అనిపించావు. నేను నమ్మేశాను. ఇరవై రోజులుగా ఉప్పు వేశానో లేదో కూడా రెండుసార్లు రుచి చూసుకుంటున్నాను. నా బుర్ర నాది కాకుండా పోయింది. దానికి తప్పయిందంటే సరిపోదు."

సరిపోదని నాకు తెలుసు.

తరవాత ఆమె దండపాణి గారివైపు తిరిగింది. "నలభై రోజులేగా ఉన్నది? ఒక్కో సంఖ్యే చేస్తూ కూచుంటే చాలదండీ. చిన్న ముక్కలకి పగలని సంఖ్యలు ఏడు తీసుకుందాం, ఇంటికొకటి. ఇక్కడే, అందరి ముందూ, అన్ని చేతులూ కలిసి చేద్దాం. నిలిచినదాన్ని మళ్ళీ అందరం తలో అంకె పెట్టి చూద్దాం."

ఎవరూ కాదనలేదు.

సాయంత్రం ఆమె ఇంటి గొట్టం మొదటి వరసకు మార్చాను. చివరి వరసకు మా ఇల్లు కలిపాను. రత్తాలు రెండు దుప్పట్లు దులిపి, "ఇదైనా ముందే చెయ్యాల్సింది" అంది.

గట్టిచలి నెల, 24

రాత్రంతా మంచు. ఉదయం పడమటి గొట్టాల మీద దులిపాను. మా ఇంట్లో బిందెలో నీళ్ళు గడ్డకట్టాయి. పగలగొట్టి కాచాను.

తలుపు ఇంకా పదహారు రోజులు అడుగుతుంది. కోటిలింగాన్ని మంచంతో సహా సభ గదిలోకి తెచ్చారు, అక్కడ పొయ్యి ఆరదు కనుక. జబ్బు తగ్గలేదు. వైద్యం చేసే ఆమె, ఆవిరి వచ్చేదాకా ప్రాణం నిలబెడితే చూద్దాం అంది. మాట మాత్రం కొంచెం తిరిగి వచ్చింది. ఎవరైనా తప్పు గుణిస్తే మంచం మీదనుంచే, "తొమ్మిదులు తియ్యరా, తొమ్మిదులు!" అంటాడు. సగంసార్లు ఆయనదే తప్పు.

ఇన్ని చేతులు ఒకచోట చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరు గుణిస్తుంటే ఒకరు భాగిస్తారు, మూడోవారు సరిచూస్తారు. పోయిన వారం నా సంఖ్య ముప్ఫై ఒకటో మెట్టులో నాంచారమ్మ ఆపింది. "రెండు మొయ్యలేదు నువ్వు." అందరూ వింటుండగా అవునన్నాను. తుడిచి మళ్ళీ వేశాను. ఆమె నాతో లెక్క మాటలు తప్ప ఇంకేం మాట్లాడదు. నేనూ అడగను.

ఇవాళ పొద్దున అప్పలకొండ ఇంటి సంఖ్య పూర్తయింది. లేచి నిలబడి ఇరవై ఒక్క అంకెల శేషం గట్టిగా చదివి, "పగిలిందండీ!" అన్నాడు. ముక్కలేవని ఎవరూ అడగలేదు. దండపాణి గారు ఆ సంఖ్యను కొట్టేయించారు. మధ్యాహ్నం ఇంకొకటి పగిలింది, దాని వెనకే మూడోది. సాయంత్రానికి నాలుగు పోయాయి. చలి పొడుగవుతోందని అందరికీ భయంగానే ఉంది. అయినా పగిలిందన్న మాట ఎవరూ తల దించుకుని అనలేదు. నేను మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ తల దించుకున్నాను.

మూడు మిగిలాయి. నాంచారమ్మది అరవై తొమ్మిదో మెట్టు. నాదీ అంతే. ఇంకో ఇంటిది యాభై. నా సంఖ్య నిలుస్తుందో లేదో తెలియదు. నిలవాలని కోరుకోవడం కూడా మానేశాను. వచ్చేది చదువుతాను.

గంజి తాగడానికి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇవాళ్టి పనులు: గొట్టాల మంచు దులపడం, నీళ్ళు కాచడం, సభ పొయ్యికి కట్టెలు. కొలతలు ఉదయం తీశాను. సాయంత్రం కొలతలు

అప్పలకొండ పరుగున వచ్చాడు. నాంచారమ్మ చివరి మెట్టు భాగించడం మొదలుపెట్టిందట. సరిచూడటానికి ఇంకో మనిషి కావాలి, గంగులును రమ్మను అందట. నా పేరు పెట్టి అడిగిందా అన్నాను. "అవును బాబాయ్, లే" అన్నాడు. సాయంత్రం కొలతలు